మారుబేరం

ఆదివారం నాలుగున్నరకి
వెర్వియే ఊరు ఇంకా వానలోనే ఉంటుంది.
వంతెన కింద టార్చిలైట్లు వంగి వంగి నడుస్తుంటాయి.
మేం దొంగలమో, తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికేవాళ్లమో
దూరాన్నించి చూస్తే చెప్పలేరు.
పెట్టెలు వ్యాను దిగకముందే
చేతులు పెట్టెల్లోకి దిగుతాయి.

పళ్లేన్ని తిరగేసి అడుగు చూడాలి.
గోటితో మీటి వినాలి, పగులుంటే దగ్గుతుంది.
కుర్చీని బోర్లా పడుకోబెట్టి
కాళ్ల సందుల్లో పురుగు పొడి వెతకాలి.
నచ్చినదాని వంక మాత్రం చూడకూడదు.
దాని పక్కనున్న పనికిమాలినదాని ధర అడగాలి ముందు.
ఇదంతా నేర్పింది గిస్లాన్.
ఇప్పుడు నాకు పోటీ కూడా అతనే:
నేను దేన్ని చూడ్డం లేదో కనిపెట్టి
తిన్నగా దాని దగ్గరికే నడుస్తాడు.

నా కొట్టు పదడుగుల వెడల్పు.
ఒకప్పుడు ఉన్ని మిల్లు గుమాస్తా కూర్చున్న గది.
ఏరు పొంగిన ఏడు గోడ మీద మిగిలిన బురదగీతకి
పైన గాజు సామాను, కింద ఇనుము.
అద్దె ఒకటో తారీఖుకి తప్పదు.
బోణీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

మంగళవారం ఫోను.
"మా మేనమామ పోయాడు. శుక్రవారానికి ఇల్లు ఖాళీ చెయ్యాలి.
మొత్తం కలిపి ఒక రేటు చెప్పండి."
గొంతులో దుఃఖం లేదు, తొందర ఉంది.
నాకు కావలసిందీ అదే.
దుఃఖం ఉన్నచోట బేరం సాగదు.

స్టేషను వెనక మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్లు లెక్కపెడుతూనే బీరువాని వదిలేసుకున్నాను.
వంటింట్లో ఒక పళ్లెం, ఒక చెంచా, చెవి విరిగిన కప్పు.
ఇక్కడ నాకేం దొరుకుతుంది అనుకుంటూ
లోపలి గది తలుపు తోశాను.

అలమర నిండా న్యూసుపేపరు పొట్లాలు.
ఎర్రదారం, రెండు చుట్లు, పైన జారుముడి.
ఆ ముడి నాది.

ఒకటి విప్పాను. కాఫీ గింజల మర.
అడుగున చీటీ, ఇరవై ఏడు యూరోలు,
ఏడంకె నడుముకి అడ్డగీత, నా రాతే.
ఇంకోటి బారోమీటరు. ఇంకోటి వాఫిళ్ల ఇనప అచ్చు.
ముప్ఫై ఒక్క పొట్లాలు.
ఒక్కటీ విప్పిన జాడ లేదు.

"మీ మావయ్య పేరేమన్నారు?"
"దెతియే."
నాకా పేరు తెలీదు.
నాకతను గురువారం.
మూడింటికి గుమ్మంలో గొడుగు విదిలించి
"ఇది పనిచేస్తుందా" అని ఏదో ఒకటి చేతిలోకి తీసుకునేవాడు.
అదెక్కడ దొరికిందో, గిస్లాన్‌ని ఎలా ఏమార్చానో
అరగంట సేపు చెప్పేదాన్ని.
కొన్నిసార్లు కల్పించి చెప్పేదాన్ని,
కథకి రెండు యూరోలు కలిపి.
ఎన్నడూ బేరమాడలేదు.
పొట్లం కట్టక్కర్లేదని ఒక్కసారీ అనలేదు.
ముడి పడేదాకా నా వేళ్లనే చూస్తూ నిలబడేవాడు.

చూడకూడనంత సేపు చూశానేమో,
మేనల్లుడు పసిగట్టాడు.
"విలువైనవా?" అని, వెంటనే "నాలుగొందలు" అన్నాడు.
మూడువందల నలభైకి దించాను.
అలాంటప్పుడు కూడా. నోరు ఊరుకోదు.

ఇప్పుడవి నా కొట్లో ఉన్నాయి, బురదగీతకి కింద.
సగం విప్పాను. సగం విప్పలేదు.
చీటీలు మార్చలేదు, అవి పెట్టిన చోట నష్టమే.

నిన్న పొద్దుట్నుంచీ ఒక్కరూ రాలేదు.
మూడు దాటాక ఎవరో అమ్మాయి,
తడిసిన జుట్టు, నర్సింగు బడి సంచీ.
మర చేతిలోకి తీసుకుని "ఇది పనిచేస్తుందా?" అంది.
ఎక్కడ దొరికిందో చెబుదామని నోరు తెరిచాను.
రెండుసార్లు దొరికింది కదా,
ఏది చెప్పాలో తేలక
"తిప్పి చూడు" అన్నాను.

దారం తీస్తుంటే, పొట్లం వద్దంది.
చంకలో పెట్టుకుని వీధిలోకి దిగి
మలుపు తిరిగేదాకా పిడి తిప్పుతూనే ఉంది,
ఖాళీ మర, వానలో గరగరమంటూ.